ఫుల్ రేజ్ ఇస్తే ఆగే చేతక్

నాన్న 1994 నాటి చేతక్ దిల్‌సుఖ్‌నగర్‌లో స్టార్టయితే కొత్తపేట దాకా బుద్ధిగానే నడుస్తుంది. ఎల్బీనగర్ వైపు ఫుల్ రేజ్ ఇచ్చామా, కాసేపటికే ఆగిపోతుంది. ఐదు నిమిషాలు వదిలేస్తే మళ్లీ స్టార్ట్! ప్లగ్ మార్చారు, కార్బురేటర్ కడిగారు. లాభం లేదు. "స్క్రాప్‌కి ఇచ్చేయండి సార్" అన్నాడు మెకానిక్. నాన్న ఏమీ అనలేదు. తాళం మాత్రం జేబులో వేసుకున్నారు.

ఆఫీసులో బగ్ వెతికినట్టే ఆలోచించా. కాసేపు ఆపితే ఎందుకు కోలుకుంటోంది? పెట్రోలు కిందికి దిగాలంటే ట్యాంకులోకి గాలి వెళ్లాలి. మూతకున్న సన్నటి రంధ్రం పూడుకుపోతే నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఎలాగో సరిపోతుంది, ఫుల్ రేజ్‌లో చాలదు. మూత కాస్త వదులు చేసి నడిపా. ఆగలేదు! సూదితో మట్టి తీశాం, అంతే. పాత పడవ మోటార్లదీ ఇదే కథ: ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరవకపోతే నడి నీళ్లలో ఆగిపోతాయి.

మీ ఇంట్లోనూ పాత బండి ఉందా? అమ్మేసేముందు ఒక్కసారి ఆ మూత చూడండి.