ముప్ఫై దాటాక మొదలైన పరుగు

"ఇంత వయసొచ్చాక ఇంకెక్కడి పరుగులండీ?" ముప్ఫై దాటిన మనవాళ్ళ నోట మేము తరచు వినే మాట ఇది. జాక్ ఫాస్టర్ మొదలుపెట్టిందే 32వ ఏట! లివర్‌పూల్ నుంచి వలసవచ్చి రోటొరువాలో స్థిరపడ్డవాడు. (సైకిలు తొక్కిన కాళ్ళు లెండి.) మొదటిరోజు చాలాసేపు పరుగెత్తాననుకుని ఇల్లు చేరితే, ఏమైనా మరిచిపోయి వచ్చారా అని అడిగిందట భార్య. గడిచింది 7 నిమిషాలే. ఆ మనిషే 1974లో, 41 ఏళ్ళ వయసులో, క్రైస్ట్‌చర్చ్ కామన్వెల్త్ క్రీడల మారథాన్‌ను 2 గంటల 11 నిమిషాల 19 సెకన్లలో ముగించి రజతం గెలిచాడు. సౌత్‌లాండ్‌లో గొర్రెలు మేపుకునే డెరెక్ టర్న్‌బుల్ 1992లో లండన్ మారథాన్‌ను 65వ ఏట 2 గంటల 41 నిమిషాల 57 సెకన్లలో పరుగెత్తాడు.

షుగరూ, గుండెజబ్బూ మనవాళ్ళకు ముందుగానే వస్తాయని వైద్యులమైన మాకు తెలుసు. పతకాల మాట అలా ఉంచండి. ఆ 7 నిమిషాల కోసం శనివారం పొద్దున్నే మేము నలుగురం బయలుదేరుతున్నాం. వచ్చేవాళ్ళు పెసరట్లు తినిమాత్రం రాకండి.