భైంసా బజారులో తాళం చదువు

భైంసాలో తాళంచెవికి మూడు పేర్లు. తెలుగు ఇంట్లో తాళంచెవి, మరాఠీ ఇంట్లో కిల్లీ, ఉర్దూ ఇంట్లో చాబీ. పేరేదైనా అది పోయిందంటే మాత్రం అందరి కంగారూ ఒకటే!

నిర్మల్ జిల్లాలో, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న పట్టణమిది. 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. చుట్టూ పత్తి చేలు, ఊళ్లో జిన్నింగు మిల్లులు. పత్తి ఏరే రోజుల్లో ఇంటిల్లిపాదీ చేనుకు పోతే ఇంటికి కాపలా తాళమే. పొద్దుగూకి వచ్చేసరికి కొంగున ముడేసిన చెవి కనిపించకపోతే... రాయి పెట్టి కొడితే తాళం పోతుంది, గొళ్లెం వంగుతుంది, ఒక్కోసారి తలుపు చెక్కా చీలుతుంది. పని తెలిసిన చెయ్యి పడితే తాళం తాళంగానే మిగులుతుంది.

ఆ పనితనం జాడలు ఇక్కడికి దగ్గర్లోనే ఉన్నాయి. 61వ నంబరు జాతీయ రహదారి మీద పడమటికి వెళితే భోకర్, ఆపైన నాందేడ్. గురు గోవింద్ సింగ్ 1708లో తుదిశ్వాస విడిచిన ఊరు. ఒకప్పుడు ఆయుధాలకు మెరుగుపెట్టిన సిక్లిగర్ సిక్కుల్లో ఎందరో తర్వాతి తరాల్లో ఇనుప సామాను, తాళంచెవుల పనికి మళ్లారు.

మరి ఈ పని కొత్తగా నేర్చుకునేవాళ్లు దేనిమీద సాధన చేయాలి? ఖరీదైన తాళం అక్కర్లేదు. చౌకగా దొరికే తాళం కప్పలూ అన్నీ పనికిరావు. చాలావాటిని రివెట్లతో బిగించేస్తారు. విప్పితే మళ్లీ కుదరవు. తలుపుల మోర్టైజ్ తాళాల్లో ఉండే ఇత్తడి సిలిండర్ మేలు. విడిగా దొరుకుతుంది, పాత ఇనుప సామాను కొట్లోనైనా వెతకొచ్చు. అయిదు పిన్నుల మామూలు రకం చాలు. చెవి తప్పనిసరిగా ఉండాలి. దాని పళ్లలో ఎత్తుపల్లాలు మరీ ఎక్కువ లేకుంటే మొదట్లో సులువు. చెవి దూరే సందు కాస్త వెడల్పుగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ప్లగ్గును పట్టి ఉంచే క్లిప్పు ఊడదీయడానికి వీలుండాలి. అదే రకం సిలిండర్ ఇంకొకటి కొంటే పిన్నులు, స్ప్రింగులు పోయినా దిగులుండదు.

లోపల ఏముంటుంది?

అమెరికాకు చెందిన లైనస్ యేల్ జూనియర్ 1861లో పేటెంటు పొందిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ఒక్కో రంధ్రంలో కింద ఒక పిన్ను, పైన ఒక పిన్ను, ఆపైన స్ప్రింగు. సరైన చెవి పెడితే రెండు పిన్నులు కలిసేచోటు ప్లగ్గు అంచుకు సమానంగా వస్తుంది. అన్ని రంధ్రాల్లోనూ అలా కుదిరితేనే ప్లగ్గు తిరుగుతుంది.

పిన్నుల వైపు పైకి ఉంచి, క్లిప్పు తీసి, చెవిని కొద్దిగా తిప్పాలి. ప్లగ్గు లావే ఉన్న నున్నటి కర్రముక్కతో వెనకనుంచి నెడితే ప్లగ్గు బయటికొస్తుంది. కర్ర దాని స్థానంలో ఉంటుంది కనుక పై పిన్నులు, స్ప్రింగులు ఎగిరిపోవు. కర్రను కొంచెం కొంచెంగా జరిపితే ఒక్కో రంధ్రాన్నీ ఖాళీ చేయొచ్చు. మొదట ఒకే రంధ్రంలో పిన్నులుంచి సాధన చేయాలి. అది చేతికి తెలిశాక రెండు, మూడు... చివరికి అయిదూ! ఇక పిన్నుల చోట్లు మారిస్తే అదే సిలిండర్ మళ్లీ కొత్త తాళం. ఒక్కదానితోనే నెలల తరబడి చదువు సాగుతుంది.

సాధన ఎప్పుడూ సొంత తాళం మీదే, అదీ తలుపుకు లేనిదాని మీదే. వాడుకలో ఉన్న తాళాన్ని కెలికితే పాడైపోవచ్చు. పని చేతికొచ్చాక ఎవరైనా పిలిస్తే, ఆ ఇల్లు వాళ్లదేనని ఇరుగుపొరుగును అడిగి తెలుసుకున్నాకే చెయ్యి వేయాలి. చిన్న పట్టణంలో ఈ పనికి నమ్మకమే పెట్టుబడి. తాళం చెడితే కొత్తది కొనుక్కోవచ్చు, పేరు చెడితే మాత్రం మళ్లీ ఏ గడపా పిలవదు.