మిగులు సరుకు

మా కాలేజీలో రిపీటరంటే పరీక్ష తప్పి మళ్ళీ ఫీజు కట్టిన కుర్రవాడు. అందుచేత మా తమ్ముడు అమెరికా నుంచి ఫోను చేసి, “అన్నయ్యా, ఒక పాత రిపీటరును కొన్నాను. సెలవుల్లో వచ్చావంటే చూద్దువుగాని” అన్నప్పుడు నాకు బొత్తిగా బోధపడలేదు.

నేను వెళ్ళింది 2024 మే నెలలో. అప్పటికి నా మనసు మనసులో లేదు. యిరవయ్యేళ్ళు తెలుగు చెప్పిన కాలేజీలో, తెలుగు తీసుకునే పిల్లలు తగ్గారని, నన్ను ‘మిగులు అధ్యాపకుడు’గా లెక్కకట్టి కాగితం చేతికిచ్చారు. వుద్యోగం పోలేదు. ఎక్కడికి పంపుతారో, ఎప్పుడు పంపుతారో మాత్రం తెలియదు. నలభయ్యారేళ్ళ వయస్సులో తన పేరు పక్కన ఆ మాట చూసుకోవటం ఎలా వుంటుందో పడ్డవాడికే తెలుస్తుంది. నేను యింట్లో కూర్చుని గోడలు చూస్తూ వుంటే చూడలేక మా ఆవిడే నన్ను బలవంతాన విమానం ఎక్కించింది.

తమ్ముడుండేది ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న వూరు. వాళ్ళ కారు షెడ్డులో, కారుండవలసిన చోట, నడుమెత్తు యినపబీరువా ఒకటి వుంది. యిద్దరు పట్టుకుంటేగాని కదలదు. మా మరదలు కాఫీ అందిస్తూ, “బావగారూ, వూరివాళ్ళు పారేసిన దాన్ని డబ్బిచ్చి మరీ తెచ్చుకున్న మహానుభావుణ్ణి మీరెక్కడైనా చూశారా?” అంది.

తమ్ముడు అవేవీ పట్టించుకునే రకం కాదు. వాడికి ఔత్సాహిక రేడియో పిచ్చి. ప్రభుత్వం పెట్టే పరీక్ష ప్యాసై, లైసెన్సు పుచ్చుకుని, లాభాపేక్ష లేకుండా రేడియోలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే వ్యసనం అది. చేతిలో పట్టే సెట్టు నాలుగయిదు వాట్లది. గుట్ట అడ్డం వస్తే దాని గొంతు వినబడదు. ఎత్తయిన చోట రిపీటరును పెడితే, అది ఆ చిన్న గొంతును ఒక ఫ్రీక్వెన్సీమీద విని, అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీమీద పెద్ద గొంతుతో తిరిగి చెబుతుంది. సొంతమాట ఒక్కటీ కలపదు.

“పోలీసులూ, అగ్నిమాపక దళాలూ వాడేది యిలాటి యంత్రాలనే” అన్నాడు తమ్ముడు. “యిది జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ మాస్టర్ టూ. దీనికేం రోగం లేదు. 2013 జనవరి 1 నాటికి యిలాటి రేడియోలన్నీ 25 కిలోహెర్ట్జుల వెడల్పు మాని 12.5లో సర్దుకోవాలని యిక్కడి కమిషను నిబంధన పెట్టింది. యిది ఆ యిరుకులో పట్టలేదు. మాలాటి ఔత్సాహికులకు ఆ నిబంధన లేదు గనక మాకు దక్కింది.”

“అంటే యిదీ మిగులు సరుకేనన్న మాట” అన్నాను. వాడు నా ముఖంకేసి చూసి, స్క్రూడ్రైవరు కోసం వెతకటం మొదలుపెట్టాడు.

ఆ నెలంతా నేను వాడికి సహాయకుణ్ణి. అంటే టార్చిలైటు పట్టుకునేవాణ్ణి. పాత స్ఫటికాలు తీసి, మా ఫ్రీక్వెన్సీకి కోయించిన కొత్తవి వేశాడు. మరలు ఒక్కొక్కటే తిప్పుతూ, మీటరు ముల్లు చూస్తూ, వీణ శ్రుతి చేసినట్టు శ్రుతి చేశాడు. వినే ఫ్రీక్వెన్సీకీ చెప్పే ఫ్రీక్వెన్సీకీ తేడా 600 కిలోహెర్ట్జులే. వున్న ఏంటెన్నా ఒక్కటే. తన కేక తన చెవినే చెవుడు చెయ్యకుండా మధ్యన డబ్బాల్లాటి వడపోత గొట్టాలుండాలి. వాటికోసం జేనియాలో ఏటా మే నెలలో జరిగే హామ్‌వెన్షన్‌కు వెళ్ళాం. మన సంతలో కూరగాయలు పోసినట్టు అక్కడ నేలమీద రేడియోలు పోసి అమ్ముతున్నారు. బేరమూ వుంది.

తరువాత అసలు చమత్కారం. పేకముక్కంత రాస్బెరీ పై కంప్యూటరొకటి తెచ్చి, దాన్ని యినపబీరువాకు తగిలించాడు. రేడియోను ఇంటర్నెట్టుకు కలిపే పని 1997లోనే కెనడాలో డేవిడ్ కామెరాన్ అనే ఆయన ఐ.ఆర్.ఎల్.పి. పేరుతో మొదలుపెట్టాడు. 2002లో ఎకోలింక్ వచ్చింది. ఆ తరవాత జిమ్ డిక్సన్ అనే ఆయన టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ నడిపే ఆస్టరిస్క్ అనే ప్రోగ్రామును రిపీటర్లకు అమర్చాడు. మావాడు పెట్టింది అదే. పెట్టెకూ కంప్యూటరుకూ కావలసిన సంగతులు ముఖ్యంగా నాలుగు: వచ్చే ధ్వని, పోయే ధ్వని, ‘ఎవరో మాట్లాడుతున్నారు’ అనే కబురు, ‘నువ్వు మాట్లాడు’ అనే ఆజ్ఞ.

మొదటిరోజు మూడో కబురు తలకిందులయింది. ఎవరూ మాట్లాడనప్పుడు యంత్రం ఏకధాటిగా పలికేది. ఎవరైనా నోరు తెరిస్తే మూగబోయేది. నేనెరిగిన కొందరు సభాధ్యక్షులు గుర్తుకొచ్చారు. అదృష్టవశాత్తూ అప్పటికింకా ఏంటెన్నా తగిలించలేదు.

జూన్‌లో దాన్ని ఒక రైతు పొలంలో, ధాన్యపు గాదె పక్కనున్న టవరుకు చేర్చారు. ఒక ఆదివారం సాయంత్రం తమ్ముడి చేతిసెట్టులో అరిజోనా నుంచి ఒక పెద్దాయన గొంతు తెలుగులో వినవచ్చింది. లైసెన్సున్న తమ్ముడు పక్కనే కూర్చున్నాడు గనక నేను మాట్లాడవచ్చునట. కాల్‌సైను మాత్రం ఇంగ్లీషులో చెప్పాలి. తక్కిన మాటలు ఏ భాషలోనయినా సరే. ఆ నిబంధన రాసినవారికి మనసులోనే నమస్కారం పెట్టుకున్నాను.

“తెలుగు మాస్టారా! మాది తెనాలి పక్కన వూరండీ. మా ఆవిడ పోయి రెండేళ్ళయింది. పిల్లలకు తెలుగు అర్థమవుతుంది గాని, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. గజేంద్ర మోక్షంలోది ఒక్క పద్యం చెప్పండి.”

గొంతు సవరించుకుని రాగం ఎత్తబోయాను. తమ్ముడు గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. “అన్నయ్యా, రాగం వద్దు! దీనిమీద సంగీతం నిషిద్ధం!”

యిరవయ్యేళ్ళలో నేను ఏనాడూ పోతనగారి పద్యం రాగం లేకుండా చెప్పి ఎరగను. మా పిల్లలు మెచ్చుకునేది నా గొంతునే అని నాకు లోపల తెలుసు. ఆ వేళ గొంతును పక్కన పెట్టి, మాటలు మాత్రం, విరుపు విరుపున చెప్పాను. అవతల చాలాసేపు చడీచప్పుడూ లేదు. లింకు తెగిందేమో అనుకున్నాం.

“మా నాయనగారు పొలంగట్టున యిలాగే చెప్పేవారండీ, రాగం లేకుండా” అన్నాడు పెద్దాయన చివరకు. “మళ్ళీ ఒక్కసారి చెప్పండి.”

మళ్ళీ చెప్పాను. రిపీటరు చేసే పని అదే గదా!

ఆగస్టులో వుత్తర్వు వచ్చింది. మా వూరికి దూరంగా ఒక చిన్న కాలేజీ. తెలుగు తీసుకున్నవాళ్ళు ఎనిమిదిమంది. మొదటిరోజు గజేంద్ర మోక్షమే ఎత్తుకున్నాను. ముందు రాగం లేకుండా ఒకసారి చెప్పాను. తరువాత రాగంతో. యిక్కడ దానికి నిషేధం లేదు.