చలికడలిలో వెచ్చని గూడు

సముద్రం పేరు విన్నవారే గాని కన్నవారు తక్కువగా ఉండే ఊరు కంగ్టి. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో, కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు చేరువలో ఉన్న ఈ మండల కేంద్రం 2016 వరకు మెదక్ జిల్లాలో ఉండేది. తూర్పుకు నడిచినా, పడమరకు నడిచినా నాలుగు వందల కిలోమీటర్లు దాటితే గాని అల కనిపించదు. పడవ అంటే ఇక్కడివారికి మహా అయితే మంజీర నీటిమీద తిరిగే పుట్టి. కాని చలి అంటే ఏమిటో కంగ్టికి ఒకరు చెప్పనవసరం లేదు. పుష్యమాసంలో ఉత్తరపు గాలి తిరిగిన రాత్రులలో ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు జారుతుంది. జొన్నచేనికి కాపలా పోయిన రైతు ఆ రాత్రిని ఒక్క గొంగడితో గడుపుతాడు.

ఆ గొంగడిని కాస్త నిదానంగా పరిశీలించాలి. దక్కను నల్లగొర్రెల ఉన్నితో కురుమలు నేసిన ఆ ముతక వస్త్రం తనంతట తాను రవ్వంత వేడినైనా పుట్టించదు. వేడి పుట్టేది కప్పుకొన్న మనిషి ఒంటిలో. ఉన్ని పోగుల నడుమ చిక్కుకొని కదలక నిలిచిన గాలి ఆ వేడిని బయటికి పోనీయదు. తడిసినా గొంగడి నూలుబట్టవలె ఒంటికి అతుక్కుపోదు; తలమీదుగా కొప్పెర వేసుకొంటే చినుకును కూడా కొంతసేపు ఆపుతుంది. కదలని గాలి, తడికి లొంగని పొర, లోపల ఒక చిన్న వేడి. మంచు సముద్రాలలో తెరచాప పడవను ఇల్లుగా చేసుకొని బ్రతికేవారు ఎంత ధనం వెచ్చించినా చివరకు సమకూర్చుకొనేది ఈ మూడింటినే.

తెరచాప పడవలో చలి సముద్రాలకు పోయేవారు తెలుగువారిలో ఉన్నారా అన్న సందేహం కలగవచ్చు. ఉన్నారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుండి బయలుదేరిన భారత నౌకాదళపు పడవ ‘తారిణి’లో ఆరుగురు మహిళా అధికారులు ఉన్నారు. నాయకురాలు వర్తికా జోషి. బృందంలో ఇద్దరు తెలుగు ఆడపడుచులు: విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్, మారిషస్‌లలో ఆగుతూ 254 రోజులలో భూగోళాన్ని చుట్టి, 2018 మే 21న వారు గోవాకు తిరిగివచ్చారు. అందరూ మహిళలే ఉన్న భారతీయ బృందం ఇట్లా ప్రపంచాన్ని చుట్టిరావడం అదే మొదటిసారి. న్యూజిలాండు నుండి ఫాక్‌లాండ్ దీవులకు సాగిన ప్రయాణంలో, 2018 జనవరి 19న, దక్షిణ అమెరికా కొనయైన కేప్ హార్న్‌ను వారు దాటారు.

అది అక్కడ నడివేసవి. అయినా అక్కడి గాలి పది డిగ్రీలకు అటూఇటూగానే ఉంటుంది. అంటే కంగ్టి రైతు చలిరాత్రిలో ఓర్చుకొనే చలియే కేప్ హార్న్ వేసవి! లెక్కకు రెండూ సమానమే. అనుభవంలో పోలికే లేదు. కంగ్టిలో తెల్లవారితే ఎండ వస్తుంది, నేల పొడిగా ఉంటుంది. దక్షిణ సముద్రంలో ఎండ కరవు, గాలికి విరామం లేదు, అన్నిటినీ మించి ప్రతి వస్తువూ తడి. గాలికంటె నీరు సుమారు ఇరవైఅయిదు రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగివేస్తుంది. అందువల్ల సముద్రంమీద చలితో చేసే పోరాటంలో సగానికి పైగా తడితో చేసే పోరాటమే.

ఈ తడి అంతా అలలనుండి వచ్చేదనుకొంటే పొరపాటు. పడవ లోపలి తడిలో పెద్దపాలు మనిషి నోటినుండి వచ్చేదే. నిద్రించే మనిషి ఊపిరిద్వారా, చెమటద్వారా గంటకు ఇంతని నీటిని ఆవిరిగా విడుస్తూనే ఉంటాడు. నలుగురు ఒక రాత్రి పడుకొని లేచేసరికి ఆ చిన్న గదిలోని గాలికి దాదాపు లీటరు నీరు చేరుతుంది. వంట ఆవిరి దీనికి అదనం. ఇరవై డిగ్రీల వేడిగల ఘనమీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. అదే గాలి అయిదు డిగ్రీలకు చల్లబడితే ఏడు గ్రాములకు మించి మోయలేదు. మిగిలిన పది గ్రాములు ఎక్కడ చల్లని గోడ దొరికితే అక్కడ బిందువులై దిగబడతాయి. వేసవిలో చల్లని నీళ్లు పోసిన చెంబు చెమర్చడం ఎరిగినవారికి ఇది కొత్త కాదు. పడవలో ఆ చెంబు ఒడ్డునే మనిషి కాపురముంటాడు, చెంబు లోపలివైపు. పరుపు అడుగున తడి, బట్టల పెట్టెలో బూజు, కప్పునుండి ముఖంమీద రాలే చుక్కలు. చలికి ఓర్చిన నావికులు కూడా ఈ చెమ్మకు ఓడిపోయి ఒడ్డు చేరిన సందర్భాలు అనేకం.

కంగ్టి ప్రాంతపు పాత మట్టి మిద్దెల గోడలు మూరెడు మందం ఉంటాయి. అంత మందాన్ని పడవ మోయలేదు. దాని గోడ మందం సెంటీమీటర్లలోనే ఉంటుంది. అందుచేత గోడ దేనితో చేసినదన్నది ప్రాణప్రదమైన ప్రశ్న. అల్యూమినియం కలపకంటె వెయ్యి రెట్లకు మించి వేడిని ప్రసరింపజేస్తుంది. ఉక్కు దానికంటె కొంత నయం, ఫైబర్‌గ్లాసు ఎంతో నయం, కలప అన్నిటికంటె మేలు. తారిణి దేహం నడుమ కలప ఉండి, దానికి ఇరువైపులా ఫైబర్‌గ్లాసు పొరలున్న కట్టడం. బలంకోసం ఎంచుకొన్న పద్ధతి చలికి కూడా కొంత అడ్డుగా నిలిచింది. మంచు ప్రాంతాలకు ఉక్కు, అల్యూమినియం పడవలనే పలువురు ఎంచుకొంటారు, మంచుగడ్డ తాకినా అవి చొట్టపడతాయే గాని త్వరగా పగలవు కనుక. అటువంటి పడవకు లోపల గొంగడి కప్పక తప్పదు.

ఈ విద్యకు గురువనదగినవాడు నార్వే దేశీయుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్. 1893లో అతడు ‘ఫ్రాం’ అనే ఓడను ఆర్కిటిక్ మంచులో కావాలనే చిక్కించి, మంచుతోపాటు తేలిపోతూ ఉత్తర ధ్రువ ప్రాంతాన్ని శోధించాడు. ఓడ 1896లో బయటపడింది. అంతకు ముందు ఆ చలిలోకి వెళ్లిన ఓడలలో గదుల గోడలమీద, పరుపులమీద ఊపిరి తడి గడ్డకట్టేది. అది కరిగి రాత్రిళ్లు వానై కురిసేది. నాన్సెన్ దీనిని ముందే ఆలోచించి, ఓడను నిర్మించిన కోలిన్ ఆర్చర్‌తో కలిసి గదుల గోడలకు పొరమీద పొర వేయించాడు. తారు పూసిన ఉన్నిపట్టు, బెండుపొట్టు, పలక, మళ్లీ మందమైన ఉన్నిపట్టు, గాలి చొరని లినోలియం, చివర మరొక పలక. పైకప్పులో రెయిన్‌డీర్ వెంట్రుకలను కూడా కూరాడు. అన్నీ కలిసి కప్పు మందం దాదాపు 15 అంగుళాలైంది. బయట సున్నాకు నలభై డిగ్రీల దిగువన గాలి వీస్తున్నప్పుడు లోపలి గోడలు పొడిగా ఉన్నాయి. ఉన్ని, వెంట్రుకలు, బెండు—ఇవన్నీ గొంగడికి దాయాదులే. అయితే గొంగడికి లేనిది ఒకటి అక్కడ ఉంది: లోపలివైపు వేసిన ఆ లినోలియం. ఆవిరి ఉన్నిలోకి చొచ్చుకొనిపోయి నడుమ గడ్డకట్టకుండా ఆపినది అదే. నాన్సెన్ బుద్ధి కుశలతను చూడదలచినవారు చూడవలసింది ఆ పలుచని పొరనే.

నేటి పడవలలో ఉన్నిపట్టుకు బదులు మూసుకొన్న గాలిబుడగలతో చేసిన నురగ పలకలను వాడుతారు. లోహపు పడవలకు నురగను ద్రవంగా చిమ్మి గోడకే అతికిస్తారు. మండితే దాని పొగ విషం గనుక పైన మంటనాపే పూత వేయాలి. పలకకూ గోడకూ నడుమ సందు మిగిలిందా, తడి అక్కడ చేరి కంటికి కనబడకుండా కుళ్లబెడుతుంది. కిటికీ అద్దానికి లోపల మరొక అక్రిలిక్ పలక బిగిస్తే నడుమ గాలి చిక్కి చలిని ఆపుతుంది. పరుపు కింద చెక్కబద్దీలు వేసి గాలి ఆడనిస్తారు. నీటిమట్టానికి దిగువనున్న భాగాన్ని చాలామంది వదిలివేస్తారు. సముద్రజలం సుమారు సున్నాకు 1.8 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది కనుక ద్రవంగా ఉన్నంతవరకు అంతకంటె చల్లబడదు. పైన నలభై డిగ్రీల దిగువ గాలి ఉన్నచోట కింది నీరే వెచ్చన!

ఇక వేడి సంగతి. చలి వేసినప్పుడు మనిషికి మొదట తోచేది నిప్పు. పడవలో వంటపొయ్యి వెలిగించి ఊరుకొనేవారున్నారు. ఒక కిలో వంటగ్యాసు మండితే సుమారు కిలోన్నర నీటి ఆవిరి పుడుతుంది. వేడితోపాటు గదిలోకి బిందెడు చెమ్మను ఆహ్వానించడమే అది. బొగ్గుల కుంపటి ఇంత తడిని పుట్టించదు. కాని దానినుండి రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ప్రాణవాయువుకంటె ఈ వాయువు రెండు వందల రెట్లకు మించి గట్టిగా అంటుకొంటుంది. మొదట తలనొప్పి, తరువాత మగత. మగత వచ్చినవాడు నిద్ర వస్తున్నదనుకొంటాడే గాని ప్రాణం పోతున్నదనుకోడు.

ఈ అపాయం పడవలకే పరిమితం కాదు. పాత మట్టి ఇళ్లలో గవాచి అని వాడుకలో పిలిచే పైకప్పు గవాక్షం ఉండేది. దూలాల సందులు, తలుపు చీలికలు ఉండేవి. కుంపటి పెట్టుకొని పడుకొన్నా పొగ పోయే దారి ఉండేది. సిమెంటు కప్పు, బిగుతుగా మూసుకొనే కిటికీలు గల నేటి గదిలో అదే కుంపటి యమపాశమవుతుంది. చలికాలం వచ్చినప్పుడల్లా దేశంలో ఏదో ఒకచోట మూసిన గదిలో కుంపటి పెట్టుకొని పడుకొన్నవారు తెల్లవారి లేవలేదన్న వార్త పత్రికలో కనిపిస్తూనే ఉంటుంది. ఇల్లు ఎంత గట్టిగా కట్టితే అంతగా అది పడవకు సాటి వస్తుంది.

అనుభవజ్ఞులకు కూడా ఈ వాయువు మినహాయింపు ఇవ్వదు. అమెరికా నౌకాదళాధికారి రిచర్డ్ బర్డ్ 1934లో అంటార్కిటికా మంచులో పూడ్చిన చిన్న గదిలో ఒంటరిగా శీతకాలం గడిపాడు. పొయ్యి గొట్టం సరిగా అమరలేదు, గాలి గొట్టాలలో మంచు పేరుకొనేది. పొయ్యి పొగ, విద్యుత్తు యంత్రపు పొగ కలిసి అతనిని మంచాన పడవేశాయి. పొయ్యి ఆర్పితే చలికి చావు, వెలిగిస్తే విషానికి చావు. ఈ రెంటి నడుమ ఆయన వారాల తరబడి ఊగిసలాడాడు. రేడియో సందేశాలు తడబడుతుండగా ప్రధాన శిబిరంలోని సహచరులు అనుమానించి, ఆగస్టులో మంచును దాటి వచ్చి రక్షించారు.

కనుకనే చలి పడవలకోసం రూపొందించిన డీజిలు పొయ్యిలో మంటకు ఒక ప్రత్యేక గది ఉంటుంది. మంటకు కావలసిన గాలి బయటినుండి ఒక గొట్టంలో వస్తుంది, పొగ మరొక గొట్టంలో బయటికే పోతుంది. ఆ గది లోహపు గోడను తాకి వేడెక్కిన వేరే గాలి పడవలోకి వస్తుంది. మంటను తాకిన గాలి, మనుషులు పీల్చే గాలి ఎక్కడా కలవవు. దీనికి బ్యాటరీ కావాలి. బ్యాటరీని నమ్మనివారు చుక్కచుక్కగా డీజిలు దానంతట అది దిగే పాతకాలపు పొయ్యిని పెట్టుకొంటారు. దానికి విద్యుత్తు అక్కరలేదు. కాని తెరచాపనుండి కిందికి దూకే గాలి పొగగొట్టంలోనికి పొగను వెనక్కు నెట్టగలదు. లంగరు వేసినప్పుడు ప్రాణదాతయైన పొయ్యి, చాప ఎత్తి సాగేటప్పుడు ఆర్పవలసినదిగా మారడం ఈ జీవితంలోని విడ్డూరాలలో ఒకటి.

ఇంకొక విడ్డూరం కిటికీది. ఇంత కష్టపడి వేడిని బంధించిన నావికుడు రాత్రంతా గాలిరంధ్రాన్ని రెండంగుళాలైనా తెరిచే ఉంచుతాడు. సున్నా డిగ్రీల గాలి ఘనమీటరుకు అయిదు గ్రాములకంటె తడిని మోయలేదు. అది లోపలికి వచ్చి వేడెక్కగానే దాహం గలదై గోడల చెమ్మను తాగి, వెచ్చని గాలితో కలిసి వెళ్లిపోతుంది. చలిగాలియే పడవను ఆరబెడుతుంది. ప్రాణవాయువును తెచ్చేదీ అదే. పొయ్యి ఎంత మంచిదైనా పడక దగ్గర ఒక కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక యంత్రం ఉంటుంది. అరచేతిలో ఇమిడే ఆ పెట్టె కంగ్టి వంటి ఊళ్లలో బిగువుగా కట్టిన కొత్త ఇళ్లకూ పనికివచ్చేదే.

తారిణి 2024 అక్టోబరు 2న గోవానుండి మళ్లీ బయలుదేరింది. ఈసారి ఇద్దరే: దిల్నా, రూప. 2025 ఫిబ్రవరిలో కేప్ హార్న్ దాటి, మే 29న తిరిగివచ్చారు. ఇద్దరే ఉన్న పడవలో ఒకరు పైన కావలి ఉంటే లోపల ఒక్కరే నిద్రిస్తారు. ఆరుగురి ఊపిరి తడి లేదు, ఆరుగురి ఒంటి వేడీ లేదు.