రోబో శస్త్రచికిత్స తరువాతి పదేళ్లు

‘డాక్టరు గారూ, రోబోతో చేయిస్తే ప్రోస్టేటు కేన్సరు మళ్లీ రాదటండీ, నిజమేనా?’ ఇటీవల రాజమహేంద్రవరంలో నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగేవారిలో ఎక్కువమంది అరవై దాటినవారు. రావులపాలెం, అమలాపురం వైపునుండి హైదరాబాదు వెళ్లి, లక్షలు వెచ్చించి ఆపరేషను చేయించుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవారు. వారికి అవుననిగాని, కాదనిగాని ఒక్క మాటలో చెప్పడం న్యాయం కాదు.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. ఆపరేషను చేసేది రోబో కాదు, శస్త్రవైద్యుడే. ఆయన రోగికి కొద్ది దూరంలో కూర్చుని, లోపలి భాగాలను పెద్దవిగా, లోతుతో సహా తెరపై చూస్తూ చేతులు కదుపుతాడు. చిన్న రంధ్రాల గుండా పొట్టలోకి పంపిన పనిముట్లు ఆ కదలికలను అనుసరిస్తాయి. అందువలన రక్తస్రావం తగ్గుతుంది, రోగి త్వరగా ఇల్లు చేరుతాడు. ఇవి నిజమైన లాభాలే. అయితే కేన్సరు సంగతి తేలడానికి ఏళ్లు పడుతుంది.

ఈ చికిత్స చరిత్రలో తెలుగువారి పాత్ర ఉన్నది. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు పారిశ్రామికవేత్త రాజ్ వట్టికూటి ఇచ్చిన విరాళంతో 2001లో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. కేరళలో జన్మించిన డాక్టర్ మణి మీనన్ అక్కడ రోబో సాయంతో ప్రోస్టేటు గ్రంథిని తొలగించే పద్ధతిని తీర్చిదిద్దారు. 2001 నుండి 2003 వరకు అక్కడ ఈ శస్త్రచికిత్స పొందిన 483 మంది పదేళ్ల ఫలితాలు 2015లో ‘యూరోపియన్ యూరాలజీ’ పత్రికలో వెలువడ్డాయి.

వాటిని జాగ్రత్తగా చదవాలి. పదేళ్లకు రక్తంలో పి.ఎస్.ఏ. మళ్లీ పెరగనివారు 73.1 శాతం. కేన్సరు ఎముకల వంటి దూర భాగాలకు పాకనివారు 97.5 శాతం. ఆ కేన్సరుతో మరణించనివారు 98.8 శాతం.

అంటే సుమారు నలుగురిలో ఒకరికి పి.ఎస్.ఏ. తిరిగి పెరిగింది. అయినా పదేళ్లలో ఆ వ్యాధితో మరణించినవారు నూటికి ఇద్దరికంటె తక్కువ. ఈ రెండు సంఖ్యల నడుమ ఉన్న అంతరమే నా వ్యాసానికి విషయం. ఇది చాలామందిలో నెమ్మదిగా పెరిగే వ్యాధి. పైగా పెరుగుదలను వేళకు గుర్తిస్తే రేడియేషను, హార్మోను చికిత్సలు ఉన్నాయి. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు 1999లో ప్రకటించిన పరిశీలనలో, ఆపరేషను తరువాత పి.ఎస్.ఏ. పెరగడం మొదలైన నాటినుండి కేన్సరు దూర భాగాలలో కనబడడానికి మధ్యస్థంగా ఎనిమిదేళ్లు పట్టింది.

మరి ఈ ఘనత రోబోదేనా? ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రోగులను చీటీలు వేసినట్లుగా రెండు వర్గాలు చేసి, పొట్ట కోసి చేసే పద్ధతిని, రోబో పద్ధతిని పోల్చారు. రెండేళ్లకు మూత్రంపై అదుపు, దాంపత్య సామర్థ్యం ఇరువర్గాలలోను దాదాపు సమానం. కనుక వైద్యుని అనుభవం, వ్యాధి గ్రంథి దాటకముందే బయటపడడం యంత్రం కంటె ముఖ్యమైనవి. మన పల్లెలలో నడుము నొప్పి అంటూ వచ్చి, అప్పటికే ఎముకలకు కేన్సరు పాకినవారికి డెట్రాయిట్ అంకెలు వర్తించవు.

నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కోనసీమలో కొంత కొబ్బరితోట అమ్మి రోబో ఆపరేషను చేయించుకున్నారు. రెండేళ్లు పరీక్షలు చేయించి మానేశారు. ‘గ్రంథే తీసేశారు కదండీ, ఇంకా పరీక్షెందుకు?’ అన్నారు. ఆరో ఏట పిల్లల బలవంతం మీద చేయిస్తే పి.ఎస్.ఏ. 1.8 ఉన్నది. రేడియేషను, హార్మోను చికిత్స జరిగాయి, ప్రస్తుతం బాగున్నారు. అయితే రేడియేషను పి.ఎస్.ఏ. 0.5 దాటకముందే ఇస్తే మెరుగైన ఫలితం ఉంటుంది. ఆయన పోగొట్టుకున్నది ఆ అవకాశం. లక్షలు ఖర్చు చేసినవారు కొన్ని వందల రూపాయల పరీక్ష దగ్గర ఆగిపోవడం నన్ను బాధించింది.

ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటికి ఊళ్లు మునగవు. లంక గ్రామాలవారు సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఆపరేషను తరువాత పి.ఎస్.ఏ. 0.2 నానోగ్రాములకు చేరి, రెండవ పరీక్షలోను అలాగే ఉంటే అది అటువంటి హెచ్చరిక. భయపడనవసరం లేదు, నిర్లక్ష్యం తగదు.

కనుక ఆపరేషను అయినవారు ఈ మూడు విషయాలు మరువకండి. మొదటిది, తొలగించిన గ్రంథి పరీక్ష నివేదికను భద్రపరచండి. అందులోని గ్లీసన్ స్కోరు, అంచులలో కేన్సరు మిగిలినదీ లేనిదీ మీ భవిష్యత్తును సూచిస్తాయి. రెండవది, ఐదేళ్ల వరకు ఆరు నెలలకొకసారి, తరువాత ఏటా పి.ఎస్.ఏ. చేయించండి, తొలి ఏడాది వైద్యుడు ఇంకా తరచుగా కోరవచ్చు. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరాలలోనే ఈ పరీక్ష జరుగుతుంది, హైదరాబాదు వెళ్లనక్కరలేదు. మూడవది, వీలైనంతవరకు ఒకే ప్రయోగశాలలో చేయించి, అంకెలను తేదీలతో ఒక పుస్తకంలో వ్రాసుకోండి. ఒక్క అంకె కంటె, ఏటేటా అవి నడిచే తీరు వైద్యునికి ఎక్కువ చెబుతుంది.