ఎర్ర దీపం సాక్ష్యం

మా మదరసా వ్యానుకు ఇరవై రెండేళ్లు నిండాయి. చుట్టుపక్కల పల్లెల పిల్లలను ఉదయం తీసుకువచ్చి, అసర్ నమాజు తర్వాత ఇళ్లకు చేరుస్తుంది. కొన్నాళ్లుగా దాని డ్యాష్‌బోర్డు మీద ఎర్రని ఆయిల్ దీపం ప్రయాణం మధ్యలో వెలుగుతూ ఆరుతూ ఉంది. "ముసలి బండి హజ్రత్, దానికదొక అలవాటు" అన్నాడు డ్రైవరు. మెకానిక్కు మరో అడుగు ముందుకు వేసి, తీగ ఊడదీస్తే పీడ విరగడవుతుందన్నాడు. పిల్లలనెక్కించే బండి మనవద్ద ఉన్న అమానతు. హెచ్చరించే నోరు నొక్కేయడానికి నేను సమ్మతించలేదు.

హదీసు విద్వాంసులు ఉల్లేఖకులను సత్యవంతులు, అసత్యవాదులు అని రెండు ముక్కలుగా విడదీసి ఊరుకోలేదు. హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (మరణం హిజ్రీ 852) తన తఖ్రీబుత్ తహ్‌జీబ్‌లో వారిని 12 శ్రేణులుగా వింగడించారు. వృద్ధాప్యంలో జ్ఞాపకశక్తి తారుమారైన వారిని 'ముఖ్తలిత్' అంటారు. అతా బిన్ సాయిబ్ అటువంటివారే. షోబా, సుఫ్యాన్ సౌరీ వంటివారు ఆ మార్పుకు పూర్వం ఆయన నుండి విన్నవాటిని పండితులు స్వీకరించారు. తర్వాత విన్నవాటిని పరీక్షకు పెట్టారు. ముసలివాడనే కారణంతో ఎవరి మాటనూ మొత్తంగా పారవేయలేదు. దీపం విషయంలోనూ అదే న్యాయం పాటించమన్నాను.

ముందు బండిని సమతలంలో నిలిపి, ఇంజను ఆపి, పది నిమిషాలు ఆగాము. డిప్‌స్టిక్ బయటకు తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీస్తే ఆయిల్ రెండు గుర్తుల మధ్యనే ఉంది. "చూశారా, దీపం అబద్ధమాడుతోంది" అన్నాడు డ్రైవరు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కాని ఆ పుల్ల చెప్పేది ఆయిల్ పరిమాణం. మా వ్యానులో దీపం చెప్పేది దాని ఒత్తిడి. పంపు చెడితే, ఆయిల్ నిండుగా ఉన్నా ఇంజను భాగాలకు అందదు. అవి కొద్ది నిమిషాల్లోనే అరిగి పట్టేస్తాయి. వేర్వేరు సంగతులు చెప్పే ఇద్దరిలో ఒకరి మాటతో మరొకరి మాట కొట్టివేయడం చెల్లదు. (నడుస్తుండగా ఈ దీపం వెలిగితే బండిని వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపవలసిందే, కారణాల విచారణ ఆ తర్వాత.)

తరువాత ఇంజను నడుస్తూ దీపం వెలుగుతున్న సమయంలో ప్రెషర్ స్విచ్ మీది తీగ తీయించాను. దీపం ఆరింది. ఆరకపోయి ఉంటే తీగ ఎక్కడో ఒరుసుకుని బండి ఇనుముకు తగులుతున్నదని అర్థం. అంటే తీగ నిర్దోషి; ఇక మిగిలినవి రెండే, స్విచ్ లేదా నిజంగా తగ్గిన ఒత్తిడి. స్విచ్ విప్పి అదే రంధ్రంలో ముల్లున్న ప్రెషర్ మీటరు బిగించమన్నాను. అనవసర శ్రమ అని మెకానిక్కు గొణిగాడు గాని బిగించాడు. ఇంజను బాగా వేడెక్కాక, ఐడ్లింగులో కూడా, ముల్లు కంపెనీ పుస్తకంలోని అంకె కంటే పైనే నిలిచింది.

దోషం స్విచ్‌దేనని అప్పుడు తేలింది. కొత్తది వేయించాము. ఇప్పుడు తాళం తిప్పగానే దీపం వెలుగుతుంది, ఇంజను అందుకున్న రెండు మూడు క్షణాల్లో ఆరుతుంది. ఆ వెలగడమూ అవసరమే. అసలు వెలగకపోతే ఆ హెచ్చరికే పనిచేయడం లేదని గ్రహించాలి.

డ్రైవరు ప్రతి శనివారం ఫజర్ తర్వాత డిప్‌స్టిక్ చూసి నోటు పుస్తకంలో రాస్తున్నాడు. ఆయిల్ నెలకు కొద్దిగా తగ్గుతూనే ఉంది. అదెక్కడికి పోతున్నదో రమజాను సెలవుల్లో ఇంజను విప్పించి చూడాలి, ఇన్షా అల్లాహ్.