బొమ్మ తుపాకీ – సందేహాలంకారం



పద్యాల గురించీ అలంకారాల గురించీ వ్రాసుకొనే ఈ పుటలో తుపాకీ కనిపించడం మీకు వింతగా తోచవచ్చు. ముప్పై మూడేళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పిన నాకు తుపాకీతో పరిచయం దీపావళినాటి రీళ్ళ తుపాకీతో మొదలై, దానితోనే ముగిసింది. అయినా 2024 వేసవిలో ఇంగ్లండులోని లెస్టరు నగరంలో మా అమ్మాయి ఇంట గడిపిన మూడు నెలలలో, ఒక బొమ్మ తుపాకీ కోసం ఆ దేశపు చట్టాలను నిఘంటువు పక్కన పెట్టుకొని చదవవలసి వచ్చింది. చదివినకొద్దీ ఇది నేను పిల్లలకు చెప్పిన అలంకారాల పాఠమే కదా అనిపించింది. ఆ ముచ్చట మీతో పంచుకోవాలనే ఈ టపా.

ముందుగా వస్తుపరిచయం. ఎయిర్‌సాఫ్ట్ అన్నది 1970, 80 దశకాలలో జపానులో రూపుదిద్దుకొన్న ఆట. సామాన్య పౌరుడు తుపాకీ ఉంచుకోవడాన్ని మిక్కిలి కఠినంగా నియంత్రించే దేశమది. అసలు దొరకనిచోట నకలుకు గిరాకీ పెరగడం లోకసహజం. చూపుకు అచ్చంగా సైనికుని తుపాకీ. లోపల మాత్రం స్ప్రింగో, వాయువో, బ్యాటరీతో నడిచే చిన్న మోటారో ఉంటుంది. గుండుకు బదులు 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పూస. సాధారణంగా వాడే పూస బరువు 0.2 గ్రాములు. ఒక జౌలు శక్తితో వెలువడితే దాని వేగం సెకనుకు 100 మీటర్లు. ఒంటికి తగిలితే చురుక్కుమంటుంది, కంటికి తగిలితే చూపే పోవచ్చు. అందుచేత కళ్ళకు రక్షణ లేనిదే మైదానంలో అడుగు పెట్టనివ్వరు. పూస తగిలిన గుర్తు బట్టల మీద మిగలదు గనుక, తగిలినవాడు తనంతట తానే చేయెత్తి ఆట నుంచి తప్పుకోవాలి. అంటే ఆటంతా ఆటగాడి నిజాయితీ మీదనే నడుస్తుందన్నమాట. ఈ ఒక్క నియమం విని నాకా ఆట మీద కొంత గౌరవం కలిగింది.

మా మనవడికి పందొమ్మిదేళ్ళు. విశ్వవిద్యాలయంలో రెండో సంవత్సరంలోకి వస్తున్నాడు. స్నేహితుల వెంట వెళ్ళి, అద్దె తుపాకీతో ఆడి ఆడి, చివరకు తనదంటూ ఒకటి ఉండాలనుకొన్నాడు. తాను కోరిన కలాష్నికోవ్ నమూనా హాంగ్‌కాంగులోని ఒక దుకాణంలో చవకగా దొరుకుతున్నదని అక్కడి నుంచి తెప్పించుకొన్నాడు. పదిరోజులు ఎదురుచూశాక పెట్టె రాలేదు గాని, సుంకాధికారుల ఉత్తరం వచ్చింది. "మీ పేర వచ్చిన వస్తువు నిజమైన ఆయుధాన్ని పోలిన అనుకృతి. దానిని దిగుమతి చేసుకొనేందుకు మీకు చట్టసమ్మతమైన ప్రయోజనమున్నదని ఋజువు చూపవలెను. లేనిచో స్వాధీనపరచుకొందుము" అని దాని సారాంశం.

ఇంట్లో ఆ పూట అన్నం ఎవరికీ సహించలేదు. "నాన్నా, వీడి పేరు పోలీసు దస్తరాల్లోకి ఎక్కితే రేపు ఉద్యోగానికి అడ్డం రాదూ?" అని అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకొంది. "పోతే పోయింది మామయ్యగారూ, డబ్బు పోయిందనుకొని ఊరుకుందాం. జవాబే ఇవ్వవద్దు" అన్నారు అల్లుడుగారు. పరాయిదేశంలో ఇరవై ఏళ్ళుగా ఒక్క జరిమానా చీటీ కూడా లేకుండా బ్రతికిన మనిషి ఆయన. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. కాని తప్పు చేయనివాడు జవాబు చెప్పకుండా ఊరుకొంటే, తప్పు చేసినవాడికీ వాడికీ భేదమేమిటి? "ముందు చట్టం ఏమంటున్నదో చదువుదాం" అన్నాను.

ఆ చట్టం 2006లో వచ్చిన హింసాత్మక నేరాల తగ్గింపు చట్టం. ఈ అనుకృతుల నిబంధనలు 2007 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. చూడగానే అసలుకూ నకలుకూ తేడా తెలియనంతగా పోలిక ఉన్న అనుకృతిని తయారుచేయడం, అమ్మడం, గ్రేట్ బ్రిటనులోకి తేవడం, తెప్పించడం నేరాలు. తెచ్చుటే కాదు, తెప్పించుట కూడా! ప్రేరణార్థకక్రియ ఇంత బరువైనదని నా విద్యార్థులకు ఇకమీదట చెప్పే అవకాశం లేకపోయిందే అనుకొన్నాను. రంగు వేసి మామూలు బొమ్మను అసలుదానిలా మార్చడం కూడా నేరమే. అయితే మూడో వ్యక్తికి కలిగే నష్టానికి బీమా ఉన్న ఎయిర్‌సాఫ్ట్ క్రీడల కోసమైతే మినహాయింపు ఉంది. చారిత్రక ఘట్టాలను తిరిగి ప్రదర్శించేవారికీ, నాటకాలకూ, చలనచిత్రాలకూ కూడా మినహాయింపులున్నాయి.

మినహాయింపు ఉంది గాని, నేను ఆటగాడినే అని నిరూపించుకోవడం ఎలా? అందుకు దుకాణదారుల సంఘం ఒక పట్టిక నిర్వహిస్తోంది. యుకారా అని దాని పొడిపేరు. బీమా ఉన్న మైదానంలో రెండు నెలలకు తగ్గని వ్యవధిలో కనీసం మూడుసార్లు ఆడినవారికి, పద్దెనిమిదేళ్ళు నిండితే, అందులో ఒక సంఖ్య ఇస్తారు. రెండు నెలల ఆ ఎడం నాకు బాగా నచ్చింది. కోపంలోనో ఉద్రేకంలోనో ఉన్నవాడు రెండు నెలలు ఆగి, మూడు ఆదివారాలు బురదలో పరుగెత్తి మరీ బొమ్మ కొనడు.

మావాడికి ఆ సంఖ్య ఉంది. హాంగ్‌కాంగు దుకాణంవారు దానిని పెట్టె మీద వ్రాయలేదు, అంతే. ఈలోగా వాడి స్నేహితుడొకడు మరో ఉపాయం చెప్పాడు. ఇంకొక దుకాణం ఉన్నదట, పెట్టె మీద "ఆటబొమ్మ" అని వ్రాసి, వెల తగ్గించి చూపి పంపుతారట. మనవడు నన్ను సూటిగా అడిగాడు. "తాతయ్యా, ఇది బొమ్మే కదా? బొమ్మను బొమ్మ అని వ్రాస్తే అబద్ధం ఎలా అవుతుంది?"

మంచి ప్రశ్న. ప్రపంచదేశాలు సుంకాల కోసం వాడుకొనే వస్తుపట్టికలో ఆటబొమ్మలది 95వ అధ్యాయం, ఆయుధాలది 93వ అధ్యాయం. స్ప్రింగుతో, గాలితో, వాయువుతో పేలే తుపాకులకు అందులో 9304 అనే సంఖ్య ఉంది. వాడి పెట్టె మీద ఉన్నదీ అదే. మరోవైపు 2017లో వచ్చిన ఇంకొక బ్రిటిష్ చట్టం, పూస వెలువడే శక్తి ఒక్కొక్కటిగా పేలేవాటికి 2.5 జౌళ్ళు, ధారగా పేలేవాటికి 1.3 జౌళ్ళు దాటకుంటే ఎయిర్‌సాఫ్ట్ తుపాకీని మారణాయుధంగా లెక్కించకూడదంటుంది. ఒక చట్టం ఇది తుపాకీ కాదన్నది. ఇంకొకటి తుపాకీలా ఉన్నది గనుక ఆగమన్నది. చిత్రమేమంటే ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. మొదటిది వస్తువులోని శక్తిని తూచింది. రెండవది చూసేవాడి కంటిని గురించి ఆలోచించింది.

ఇక్కడే నాకు పాత పాఠం గుర్తుకు వచ్చింది. రెండు వస్తువులకు గాఢమైన పోలిక ఉన్నప్పుడు "ఇది అదా, ఇదా?" అని మనసు ఊగిసలాడితే సందేహాలంకారం. ఊగిసలాట లేకుండా ఒకదానిని మరొకటిగా నిశ్చయించుకొంటే భ్రాంతిమదలంకారం. మసకచీకటిలో తాడును చూసి పామని గంతువేసినవాడిది భ్రాంతి. పాము అబద్ధమైనా గంతు నిజం. చేతిలో కర్ర ఉంటే దెబ్బా నిజమే. సుంకాధికారి బల్ల దగ్గర ఉన్నది సందేహం. ఆయనకు వ్యవధి ఉంది, దీపం ఉంది, ఉత్తరం వ్రాసి అడిగే వీలుంది. వీధిలో అలా కాదు.

అమెరికాలో ఇటువంటి నకళ్ళకు గొట్టం కొసన నారింజరంగు గుర్తు ఉండాలని 1988లో చేసిన చట్టం చెబుతుంది. 2014 నవంబరు 22న ఓహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండు నగరంలో టమీర్ రైస్ అనే పన్నెండేళ్ళ బాలుడు ఒక ఉద్యానవనంలో ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలుతో ఆడుకొంటున్నాడు. దానికి ఉండవలసిన నారింజరంగు కొస ఊడదీసి ఉంది. పోలీసు వాహనం వచ్చి ఆగిన రెండు సెకన్లలోపే ఒక అధికారి కాల్చాడు. మరునాడు ఆ బిడ్డ మరణించాడు. నల్లజాతి పిల్లవాడు. సందేహానికి అక్కడ ఎవరూ రెండు సెకన్లకు మించి వ్యవధి ఇవ్వలేదు. ఈ సంగతి మనవడికి తెలుసు. అయినా నేను మళ్ళీ చెప్పాను, వాడు తలవంచుకొని విన్నాడు. వాడి చాయ కూడా నా చాయే కదా. అమ్మాయి కన్నీళ్ళ వెనుక ఉన్నదీ ఉద్యోగ భయం ఒక్కటే కాదని అప్పుడు అందరికీ తెలిసింది.

ఆ చట్టంలో మరో ముచ్చట ఉంది. గులాబీ, నారింజ, పసుపు, ఊదా వంటి మెరిసే రంగులలో ఉంటే, లేదా పారదర్శకంగా ఉంటే అది అసలును పోలినది కాదని లెక్క. జపాను 1971లోనే లోహపు నమూనా పిస్తోళ్ళకు తెలుపో పసుపో వేయాలన్నది. దీనితోపాటు, 1870కి ముందటి కాలపు తీరులో కనిపించే తుపాకుల నకళ్ళకు కూడా ఈ నిషేధం వర్తించదు. ఎందుకంటే అటువంటిది చేతబట్టి బెదిరిస్తే బెదిరేవారు అరుదు. కాలం గడిస్తే ఆయుధం ఆటవస్తువు అవుతుందని చట్టమే ఒప్పుకొన్నదన్నమాట.

మాకిది కొత్త కాదు. నా చిన్నతనంలో దసరా వస్తే వెదురుతో చేసి రంగుకాగితాలు అతికించిన విల్లంబులు చేతబట్టి, పంతులుగారి వెనుక ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. బాణాలతో పూలు చిమ్మేవాళ్ళం, పప్పుబెల్లాలు తినేవాళ్ళం. కురుక్షేత్రంలో అక్షౌహిణులను కూల్చిన ఆయుధం పిల్లల చేతిలో పూలు చల్లే సాధనమైంది. ఏ గృహిణీ మమ్మల్ని చూసి తలుపు వేసుకోలేదు. విల్లును చూసి భయపడిన తరం ఎప్పుడో వెళ్ళిపోయింది. కలాష్నికోవును చూసి భయపడే తరం మాత్రం ఇంకా మన మధ్యనే ఉంది. దాని ముందు నిజంగా నిలబడినవారు, దానివల్ల పిల్లలను పోగొట్టుకొన్నవారు మన పక్కింట్లోనే ఉండవచ్చు. "బొమ్మే కదా" అన్న మనవడి ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇదే. "నీ చేతిలో అది బొమ్మేరా నాయనా. ఎదుటివాడి కంటిలో ఏమిటో కూడా పెట్టె మీద వ్రాయాలి."

వాడు రెండవ దుకాణం మాట మళ్ళీ ఎత్తలేదు. సంఖ్య, మైదానంవారి లేఖ, వయసు ధ్రువీకరణ, కొన్న రసీదు జతచేసి, ఉన్నది ఉన్నట్లు ఒక ఉత్తరం వ్రాశాడు. స్వాధీనం చేసుకొన్నా ఒక నెలలోపల అభ్యంతరం తెలిపి న్యాయస్థానం ముందుకు వెళ్ళే హక్కు ఉన్నదని చదివాక అల్లుడుగారికీ కొంత ధైర్యం వచ్చింది. అంత దూరం పోలేదు. పన్నెండు రోజులకు పెట్టె వచ్చింది. 135 పౌండ్లు దాటిన సరుకు గనుక పన్నులు దిగుమతి దగ్గరే కట్టాలి. తుపాకీ 180, రవాణా 40, మొత్తం 220 పౌండ్లు. దానిమీద లెక్కించినా 20 శాతం విలువ ఆధారిత పన్ను 44 పౌండ్లు. పైన సుంకం, చేరవేసేవారి రుసుము. చవకని తెప్పించుకొన్న వస్తువు చివరకు ఊళ్ళోకొన్న ధరకే వచ్చింది!

బహిరంగ స్థలంలో సరియైన కారణం లేకుండా అనుకృతి తుపాకీ వెంట ఉంచుకోవడం అక్కడ నేరం. కాబట్టి మా ఇంటి నియమాలు ఇవి: మైదానంలో తప్ప సంచి విప్పరాదు. కారు వెనుక అరలోనే పెట్టాలి. పెరట్లో, కిటికీ దగ్గర చేత పట్టరాదు. స్నేహితులకు చూపడానికైనా, ఫొటో కోసమైనా వీధిలోకి తేరాదు. వాడు అన్నిటికీ ఒప్పుకొన్నాడు. నేను తిరుగు ప్రయాణమయ్యేలోగా ఒక ఆదివారం నన్నూ మైదానానికి తీసుకువెళ్ళాడు. కళ్ళద్దాల మీద రక్షణ కళ్ళద్దాలు పెట్టుకొని గట్టు మీద కూర్చున్నాను. ఏదో పూస తగిలింది కాబోలు, ఎవరూ చూడకపోయినా మావాడు చేయెత్తి పక్కకు వచ్చేశాడు. పెట్టె మీద ఏమి వ్రాయాలన్న చర్చకు అంతకన్న మంచి ముగింపు నాకు తోచలేదు.

మీ పిల్లలో మనవలో విదేశాలలో ఈ ఆట ఆడుతున్నట్లయితే ముందు ఆ దేశపు నియమాలు చదివించండి. ఒక దేశంలో ఆటవస్తువైనది మరో దేశంలో నిషిద్ధం. సెలవులకు వస్తూ పెట్టెలో వేసుకొని మన విమానాశ్రయాలలో దిగే ఆలోచన అసలే వద్దని చెప్పండి. సుంకాధికారి ప్రశ్నలు విసుగు పుట్టిస్తాయి, నిజమే. కాని సందేహం ఆ బల్ల దగ్గరే తీరిపోవడం మేలు.

మీ ఇళ్ళలో ఇటువంటి అనుభవాలుంటే వ్యాఖ్యలలో తెలియజేయగలరు. చదివి ఆనందిస్తాను.

స్వస్తి.